నీటిని ఆపేది టైలు కాదు!

మీ ఇంట్లో స్నానాల గది గోడను అవతలి వైపు నుంచి ఒకసారి పరిశీలించండి. రంగు బుడగలు కట్టి పెచ్చులుగా రాలుతోందా? తెల్లటి ఉప్పు పొడిలా పేరుకుందా? అయితే ఆ గోడ లోపల నెమ్ము చేరిందన్నమాట. "లోపల నున్నటి టైల్స్ వేయించాం కదా, నీరెలా వచ్చింది?" అని పెద్దలు ఆశ్చర్యపోతుంటారు. ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే మనం దాదాపు నాలుగున్నర వేల సంవత్సరాలు వెనక్కి వెళ్లాలి.

మొహెంజొదారో చెప్పే పాఠం

నేటి పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో మొహెంజొదారో ఉంది. సర్ జాన్ మార్షల్ పురావస్తు శాఖకు అధిపతిగా ఉన్న కాలంలో, 1925-26లో, అక్కడి తవ్వకాల్లో ఒక పెద్ద స్నానవాటిక బయటపడింది. దాని పొడవు సుమారు 12 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు, లోతు 2.4 మీటర్లు. లెక్కకట్టి చూడండి. అంచుల దాకా నింపితే సుమారు 2 లక్షల లీటర్ల నీరు పడుతుంది! అన్ని నీళ్లు మట్టి ఇటుకల దిమ్మెలోకి ఇంకిపోకుండా ఆనాటి వాళ్లు ఏం చేశారు?

ముందుగా, కాల్చిన ఇటుకలను ఒకదానికొకటి దగ్గరగా అమర్చి, జిప్సం కలిపిన అడుసుతో లోపలి గోడ కట్టారు. దాని వెనుక సుమారు 2.5 సెంటీమీటర్ల మందాన తారు పూశారు. ఇది ప్రకృతిలో సహజంగా దొరికే తారు. దీన్నే బిట్యుమెన్ అంటాం. ఆ తారు జారిపోకుండా దాని వెనుక మరొక పలుచని ఇటుక గోడ కట్టారు.

ఇక్కడ ఒక విషయం గమనించారా? తారును పైకి కనిపించేలా పూయలేదు. రెండు గోడల మధ్య దాచారు. మనుషుల కాళ్ల రాపిడిని, ఎండను తట్టుకునే పని ఇటుకది. నీటిని ఆపే పని తారుది. కనిపించే ముఖం వేరు, నీటిని ఆపే పొర వేరు. మన కథంతా ఈ ఒక్క సూత్రం చుట్టూనే తిరుగుతుంది.

గోడ నీరు ఎలా తాగుతుంది?

ఇటుకలో, సిమెంటు పూతలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలు కోట్లాదిగా ఉంటాయి. సన్నని గొట్టంలో నీరు తనంతట తానే పైకి పాకుతుందని మీరు చదివే ఉంటారు. ఇదే కేశనాళికీయత. గొట్టం ఎంత సన్ననైతే నీరు అంత ఎత్తుకు ఎక్కుతుందని 1718లో జేమ్స్ జూరిన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త చూపించాడు. గాజు గొట్టం వ్యాసార్ధం 1 మిల్లీమీటరు అయితే నీరు ఎక్కే ఎత్తు సుమారు 15 మిల్లీమీటర్లే. వ్యాసార్ధం నూరో వంతుకు తగ్గితే ఆ ఎత్తు ఒకటిన్నర మీటర్లవుతుంది! పైకే కాదు, పక్కలకు కూడా నీరు ఇలాగే పాకుతుంది. తారులో ఇలాంటి రంధ్రాలు లేవు. పైగా నీరు దానికి అంటుకోదు. అందుకే అది అడ్డుగోడలా నిలుస్తుంది.

తారు లేనిచోట ఏం చేశారు?

క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దానికి చెందిన రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ తన గ్రంథంలో నెమ్ము గోడల గురించి ప్రత్యేకంగా రాశాడు. నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు పూతలో ఇసుకకు బదులు, దంచిన పెంకుల పొడిని సున్నంతో కలిపి వాడమన్నాడు. రోమన్లు తమ నీటి తొట్లలో గోడ, నేల కలిసే మూలను పదునుగా వదలక, ఇదే మిశ్రమంతో గుండ్రంగా పూసేవారు. ఎందుకంటే పగులు ముందుగా వచ్చేది ఆ మూలలోనే.

మన దేశంలో ఈ పొడి పేరు సుర్కీ. మామూలు సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది. కాలిన మట్టిలోని సిలికా, అల్యూమినా సున్నంతో చర్య జరిపితే మాత్రం నీటిలో కూడా గట్టిపడే పదార్థం తయారవుతుంది. అది రంధ్రాలను చాలావరకు పూడుస్తుంది. మన మేస్త్రీలు సున్నాన్ని ఎద్దుల గానుగలో మెత్తగా నూరి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపేవారు.

మొరాకో దేశపు స్నానశాలల్లో మరో ఉపాయం కనిపిస్తుంది. సున్నపు పూతను రాయితో నున్నగా రుద్ది, దానిపై ఆలివ్ నూనె సబ్బు పట్టిస్తారు. కఠిన జలంలో సబ్బు నురగ రాకుండా తెట్టు కట్టడం మీకు తెలిసిందే. ఆ తెట్టు నీటిలో కరగని కాల్షియం సబ్బు. మనకు చిరాకు కలిగించే ఆ తెట్టే అక్కడ గోడకు కవచం!

సిమెంటు తెచ్చిన భ్రమ

1824లో ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. తర్వాతి కాలంలో సిమెంటు వాడకం పెరిగింది, మెరిసే టైల్స్ చౌకయ్యాయి. గోడ నున్నగా, గట్టిగా ఉంటే చాలు, నీరు దిగదని జనం నమ్మారు. టైలు పైనున్న గాజులాంటి పూత నీటిని ఆపే మాట నిజమే. కాని టైలుకు, టైలుకు మధ్యనున్న సందులో నింపేది సిమెంటే. అది నీటిని పీలుస్తుంది, ఎండినప్పుడు సన్నగా పగులుతుంది. లోపలికి దిగిన నీరు తిరిగి ఆరిపోదామంటే పైన టైలు మూతలా అడ్డుపడుతుంది. ఇక ఆ నీరు అవతలి గదికో, కింది అంతస్తుకో దారి వెతుక్కుంటుంది.

ఇది గోడ అందానికి మాత్రమే సంబంధించిన సమస్య కాదు. కాంక్రీటు శ్లాబులో ఇనుప చువ్వలు ఉంటాయి. వాటికి నీరు, గాలి తగులుతూ ఉంటే క్రమంగా తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమించి, లోపలి నుంచి కాంక్రీటును పగలగొడుతుంది. కింది ఇంటివాళ్ల నెత్తిన పెచ్చులు ఊడిపడేది అందుకే.

పాత సూత్రమే కొత్త రూపంలో

నేడు తారుకు బదులుగా పాలిమర్ కలిపిన సిమెంటు పూతలు వాడుతున్నారు. పద్ధతి మాత్రం పాతదే. గొట్టాల చుట్టూ సందులు పూడ్చాలి. మూలలను గుండ్రం చేయాలి. నేలకు, స్నానం నీళ్లు చిందేంత ఎత్తు వరకు గోడకు రెండు పూతలు వేసి ఆరనివ్వాలి. తర్వాత కాలువ మూసి, నేలపై నీరు నిలిపి కనీసం ఒక రోజు ఉంచాలి. కింది కప్పులో చెమ్మ కనిపించకపోతేనే టైల్స్ అతికించాలి. ఈ క్రమం తప్పి చెమ్మ తర్వాత బయటపడితే, అతికించిన టైల్స్‌ను పగలగొట్టడం తప్ప సరైన మార్గం ఉండదు.

మీరే ఒక ప్రయోగం చేయండి. రెండు సుద్దముక్కలు తీసుకోండి. పెద్దల సాయంతో ఒకదాని కింది సగాన్ని కరిగిన మైనంలో ముంచి ఆరనివ్వండి. రెండింటినీ సిరా కలిపిన కొద్దిపాటి నీటిలో నిలబెట్టండి. మైనం అంటిన భాగం నీటిమట్టం కన్నా పైదాకా ఉండాలి. కాసేపటికి సిరా దేనిలో పైకి పాకింది? దేనిలో ఆగింది?

జవాబు మీ కళ్లతో చూశాక, ఈసారి మీ వీధిలో ఎవరైనా ఇల్లు కడుతుంటే టైల్స్ వేయకముందే వెళ్లి మేస్త్రీగారిని అడగండి: "టైలు వెనుక ఏం పూస్తున్నారు?"