ఇంగ్లండ్‌లో కొత్త ఇళ్ల డిజైన్: ప్రణాళికా చట్టాల సంస్కరణ

కొత్త ఇళ్లు లెక్కకు సరిపడా కడితే చాలదు, కాపురానికి వీలుగా, కంటికి ఇంపుగా కూడా ఉండాలి. ఈ షరతును చట్టంలో ఎలా రాయాలన్నది ఇంగ్లండ్‌లో వందేళ్ల నాటి ప్రశ్న. 2018 నుంచి 2024 వరకు జరిగిన సంస్కరణల్లో ఇదే ప్రధానాంశమైంది. ఆ కొద్ది ఏళ్లలోనే 'అందం' అన్న మాట ప్రభుత్వ విధాన పత్రంలో గట్టిగా చోటు సంపాదించింది, మళ్లీ చాలావరకు ఖాళీ చేసింది. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లకు విడి ప్రణాళికా వ్యవస్థలు ఉన్నాయి కాబట్టి ఇక్కడి విషయమంతా ఇంగ్లండ్‌కే వర్తిస్తుంది.

నేపథ్యం

1947 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం 1948 జులై 1న అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి స్థలం సొంతదైనా అందులో కట్టుకునే హక్కు యజమానిది కాదు. స్థానిక కౌన్సిల్ అనుమతి ఇవ్వాలి. కౌన్సిల్ తన ప్రణాళికను ముందు పెట్టుకుని, మిగతా అంశాలనూ తూచి, ఒక్కో దరఖాస్తు మీద ఒక్కో నిర్ణయం తీసుకుంటుంది. తెలుగు పాఠకులకు ఇది కొంత కొత్తగా అనిపించవచ్చు. మన దగ్గర రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్, ఎత్తు, ఈ మూడు లెక్కలూ కుదిరితే మామూలు ఇంటికి అడ్డు చెప్పేవారుండరు. 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టంతో తెలంగాణలో చిన్న ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణే అనుమతికి ఆధారమైంది. నిజానికి రెండు వ్యవస్థల వేర్లూ ఒక్కచోటే ఉన్నాయి. కోస్తా, రాయలసీమ జిల్లాలకు వారసత్వంగా వచ్చిన 1920 నాటి మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం ఆనాటి బ్రిటిష్ చట్టాల ఒరవడిలో తయారైనదే. ఆ తర్వాత వాళ్లు విచక్షణ వైపు వెళ్లారు, మనం కొలతల దగ్గరే ఉండిపోయాం.

విచక్షణ ఉన్నంత మాత్రాన డిజైన్ బాగుపడలేదు. అక్కడ నిలబడి పనిచేసినవి కూడా కొలతలే. 1961లో పార్కర్ మోరిస్ కమిటీ గదుల పేర్లు పక్కన పెట్టి, ఇంట్లో మనుషులు ఏం చేస్తారు, మంచం, బల్ల, బీరువా ఎంత చోటు తీసుకుంటాయి అని లెక్కగట్టి ఇంటి విస్తీర్ణాలు సూచించింది. 1960ల చివర్లో కౌన్సిల్ ఇళ్లకు అవి తప్పనిసరయ్యాయి, 1980లో రద్దయ్యాయి. ప్రైవేటు బిల్డర్లను ఆ నియమం ఎన్నడూ కట్టడి చేయలేదు. అదే 1980లో వచ్చిన ఒక ప్రభుత్వ సర్క్యులర్, అధికారులు తమ అభిరుచిని బిల్డర్ల మీద రుద్దవద్దని చెప్పింది. ఎసెక్స్ కౌంటీ 1973లోనే సొంత డిజైన్ గైడ్ తెచ్చి దేశానికి దారి చూపినా, సర్క్యులర్ ప్రభావం చాలాకాలం మిగిలింది.

కొలతకు కూడా ఒక చిక్కుంది. ఎదురెదురు ఇళ్ల మధ్య 70 అడుగులు వదలాలని 1918 నాటి ట్యూడర్ వాల్టర్స్ నివేదిక చెప్పింది. చలికాలపు వాలు ఎండ కూడా కింది గదుల్లోకి రావాలన్నది దాని ఉద్దేశం. తర్వాత అది 21 మీటర్ల ఆనవాయితీగా మారి, 'ఎదుటివాళ్లకు మనిల్లు కనపడకూడదు' అన్న వేరే కారణంతో ఊరూరా పాతుకుపోయింది. నారిచ్ నగర కౌన్సిల్ గోల్డ్‌స్మిత్ స్ట్రీట్‌లో సుమారు వంద అద్దె ఇళ్లు కట్టినప్పుడు, ఆర్కిటెక్టులు మికైల్ రిచెస్ సంస్థవారు వీధి వెడల్పును 14 మీటర్లకు తగ్గించారు. ఎదురింటి పైకప్పు వాలును సూర్యుడి కోణానికి సరిచేసి వెలుతురు తెచ్చారు, కిటికీలను జాగ్రత్తగా అమర్చి చాటు కల్పించారు. కొలతను వదిలి దాని కారణాన్ని పట్టుకున్న ఆ వీధికి 2019లో బ్రిటన్ వాస్తుశిల్ప రంగంలోని అత్యున్నత పురస్కారం స్టిర్లింగ్ ప్రైజ్ దక్కింది. అక్కడ కట్టించినదీ, అనుమతి ఇచ్చినదీ ఒకే కౌన్సిల్ అన్నది మరవకూడదు.

సంస్కరణల దశ

2018 నవంబరులో ప్రభుత్వం 'బిల్డింగ్ బెటర్, బిల్డింగ్ బ్యూటిఫుల్' కమిషన్‌ను వేసింది. అధ్యక్షుడు తత్వవేత్త రోజర్ స్క్రూటన్. ఒక పత్రికా ఇంటర్వ్యూ వివాదంతో 2019 ఏప్రిల్‌లో ఆయన్ను తొలగించారు, జులైలో నికొలస్ బాయ్స్ స్మిత్‌తో పాటు సహాధ్యక్షుడిగా మళ్లీ తీసుకున్నారు. ఆయన 2020 జనవరి 12న చనిపోయారు. తుది నివేదిక ఆ నెలాఖరుకు వచ్చింది. అందాన్ని అడగాలి, వికారాన్ని తిరస్కరించాలి, కట్టినదాన్ని కాపాడుకోవాలి అన్నది దాని సారం.

అదే నెలలో యూనివర్సిటీ కాలేజ్ లండన్ ఆచార్యుడు మాథ్యూ కార్మోనా నేతృత్వంలో ఇంకో అధ్యయనం వెలువడింది. దేశమంతటా 142 పెద్ద గృహ నిర్మాణాలను పరిశీలిస్తే నాలుగింట మూడు వంతులు నాసిగానో అంతంతమాత్రంగానో తేలాయి. ఐదింట ఒకదానికి అసలు అనుమతే ఇవ్వకుండా ఉండాల్సిందని అధ్యయనకర్తల నిర్ధారణ. ఇళ్ల లక్ష్యాలకు సరిపడా స్థలాలు చూపలేని కౌన్సిల్ దగ్గర తూకం బిల్డరు వైపే మొగ్గుతుంది. అప్పుడు డిజైన్ బాగోలేదని తిప్పికొట్టడానికి ఎవరికి ధైర్యం చాలుతుంది?

2020 ఆగస్టు శ్వేతపత్రం ఈ వ్యవస్థను తిరగరాయబోయింది. భూమిని వృద్ధి, పునరుద్ధరణ, రక్షిత ప్రాంతాలుగా విభజించి, స్థానికులు ముందే ఒప్పుకున్న డిజైన్ కోడ్‌కు, అంటే ఇళ్లు ఎలా ఉండాలో చెప్పే నియమావళికి, సరిపోయే ఇళ్లకు త్వరగా అనుమతి ఇవ్వాలని ప్రతిపాదించింది. అంటే ప్రజలు మాట్లాడే ఘట్టాన్ని దరఖాస్తు దశ నుంచి ప్రణాళిక దశకు జరిపింది. పక్క పొలంలో ఏం లేస్తుందో తెలిశాకే జనం మేలుకుంటారు కాబట్టి ఇది వాళ్ల నోరు కట్టేయడమేనన్న అనుమానం బలపడింది. 2021 జూన్‌లో కంచుకోటలాంటి చెషమ్ అండ్ అమర్షమ్ స్థానం ఉప ఎన్నికలో చేజారడంతో కన్సర్వేటివ్ ప్రభుత్వం ఈ విభజనను పక్కన పెట్టింది.

డిజైన్ భాగం మాత్రం బతికింది. 2021 జులైలో జాతీయ నమూనా డిజైన్ కోడ్ వచ్చింది. సరైన డిజైన్ లేని కట్టడాన్ని తిరస్కరించాలని, కొత్త వీధుల్లో చెట్లు ఉండాలని జాతీయ విధాన పత్రంలో రాశారు. తమ పరిధి అంతటికీ డిజైన్ కోడ్ ఉండేలా చూసే బాధ్యతను 2023 నాటి లెవలింగ్-అప్ అండ్ రీజనరేషన్ చట్టం కౌన్సిళ్ల మీద పెట్టింది. 2024లో లేబర్ పార్టీ ఐదేళ్లలో 15 లక్షల ఇళ్ల లక్ష్యంతో అధికారంలోకి వచ్చి, డిజైన్ కోడ్‌ల విషయంలో మార్గదర్శనానికి పెట్టిన 'ఆఫీస్ ఫర్ ప్లేస్'ను నవంబరులో మూసేసింది. డిసెంబరులో సవరించిన జాతీయ విధాన పత్రంలో 'అందమైన' అన్న మాటను చాలాచోట్ల కొట్టేసింది. ఎవరి కంటికి అందమో తేల్చలేని మాట కోర్టు తగాదాలకు తప్ప దేనికి పనికొస్తుందన్న వాదనలో బలముంది. మార్పు ఎక్కువగా జరిగే ప్రాంతాలకు విడివిడి కోడ్‌లు రాస్తే మేలని కొత్త ప్రభుత్వం భావించింది.

అంకెల భాగం

మాటల మీద ఇంత చర్చ జరుగుతుండగా అసలు హాని వేరే దారిలో జరిగింది. 2013 నుంచి ఖాళీ ఆఫీసు భవనాలను పూర్తి ప్రణాళికా అనుమతి లేకుండానే ఇళ్లుగా మార్చుకోనిచ్చారు. వెలుతురు చొరని గదులు, ఒక కుటుంబం మెసలడానికి చోటులేని ఫ్లాట్లు అలా పుట్టుకొచ్చాయి. 2020లో ప్రభుత్వమే చేయించిన అధ్యయనంలో, ఈ దారిన వచ్చిన ఇళ్లలో 22.1 శాతం మాత్రమే 2015 నాటి జాతీయ విస్తీర్ణ ప్రమాణాలను అందుకున్నాయని తేలింది. ఈ మార్పిళ్లలో ప్రతి నివాసపు గదికీ సహజమైన వెలుతురు ఉండాలని 2020 ఆగస్టు నుంచి, కనీస విస్తీర్ణం పాటించాలని 2021 ఏప్రిల్ నుంచి నిబంధన పెట్టారు. ఒక్కరికి షవర్‌తో కూడిన ఫ్లాట్ అయితే 37 చదరపు మీటర్లు, అంటే సుమారు 400 చదరపు అడుగులు. అందం మీద వచ్చిన పేజీలన్నిటికంటే ఈ రెండు వాక్యాలే ఎక్కువ మందికి మేలు చేశాయి.

అయితే ఆ కొలత పాత ఆఫీసును ఇల్లుగా మార్చేవాళ్లకు తప్పనిసరి. మామూలు అనుమతితో కొత్తగా కట్టే ఇంటికి మాత్రం, స్థానిక కౌన్సిల్ అవసరాన్ని నిరూపించి తన ప్రణాళికలో చేర్చుకుంటేనే వర్తిస్తుంది.