బాలింతలు ముందే చెప్పారు

వైద్యచరిత్రను మహాపురుషుల పేర్లతో దండలా గుచ్చడం మనకు అలవాటు. ఆ దండలో సెమ్మెల్‌వైస్ ఒకడు. 1847లో వియన్నాలో వైద్యుల చేత చేతులు కడిగించాడనీ, బాలింతల చావులు తగ్గించాడనీ, లోకం అతణ్ణి గుర్తించలేదనీ చదువుకున్నాం. ఇందులో అబద్ధం లేదు. అయితే ఆ ప్రమాదాన్ని మొట్టమొదట పసిగట్టింది ఎవరు?

వియన్నా పెద్దాసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. మొదటిదానిలో వైద్యవిద్యార్థులు, రెండవదానిలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. అక్కడికి వచ్చేవారు పేద స్త్రీలు. వారిలో పెళ్ళికాని తల్లులు అనేకులు. ఉచిత వైద్యానికి బదులుగా విద్యార్థుల చదువుకు తమ శరీరాలను అప్పగించవలసి వచ్చేది. 1846లో మొదటి విభాగంలో నూటికి పదకొండుమందికి పైగా మరణించారు. రెండవదానిలో ముగ్గురికి లోపే. గర్భిణులను చేర్చుకోవడంలో రోజులవారీ వంతులుండేవి. మొదటి విభాగం వంతు వచ్చినప్పుడు అక్కడ చేర్చవద్దని స్త్రీలు మోకాళ్ళపై పడి వేడుకునేవారని సెమ్మెల్‌వైసే రాశాడు. దారిలో ప్రసవించి వచ్చినవారికి సూతికా జ్వరం అరుదుగా వచ్చేదని కూడా గమనించాడు. పెద్దలు మాత్రం గాలిలో దోషమున్నదని, స్త్రీల భయమే కారణమని చెబుతూ వచ్చారు.

1847 మార్చిలో కొలెట్ష్కా అనే ఆచార్యుడు శవపరీక్ష సమయంలో విద్యార్థి కత్తి వేలికి గుచ్చుకుని చనిపోయాడు. ఆయన శవంలో కనిపించిన మార్పులు బాలింతల శవాలలోనివే. శవాలను కోసిన చేతులే ప్రసవపు గదికి విషాన్ని మోసుకువస్తున్నాయని సెమ్మెల్‌వైస్ గ్రహించాడు. క్లోరిన్ సున్నపు నీళ్ళతో చేతులు కడగాలని శాసించాడు. 1848లో మొదటి విభాగంలో మరణాలు నూటికి 1.27కు దిగాయి.

ఒక ఆచార్యుడు చనిపోయేదాకా వందలాది పేదతల్లుల చావులకు అర్థం దొరకలేదు! దొరికిన తర్వాత కూడా, దోషం తమ చేతులలోనే ఉన్నదని ఒప్పుకోవడం పెద్దలకు కష్టమయింది. 1849లో సెమ్మెల్‌వైస్ ఉద్యోగం పోయింది. 1861 దాకా అతను తన గ్రంథాన్ని ప్రకటించకపోవడం కూడా ప్రత్యర్థులకు కలిసివచ్చింది. 1865లో పిచ్చాసుపత్రిలో, గాయం చెడి, రక్తం విషమయ్యే ఆ జబ్బుతోనే మరణించాడు.

దీనినే నేడు సెప్సిస్ అంటున్నారు. రోగక్రిములను ఎదుర్కొనే శరీరరక్షణ అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీయడం దీని స్వభావం. పుండు, న్యుమోనియా, మూత్రవ్యాధి, ప్రసవం, ఎక్కడినుంచైనా మొదలు కావచ్చు. వణుకుతో జ్వరం, లేదా ఒళ్ళు మామూలుకన్నా చల్లబడడం, నాడి, ఊపిరి వేగం హెచ్చడం, మగత, పొంతనలేని మాట, మూత్రం తగ్గడం, చర్మం పాలిపోవడం, మచ్చలుగా రంగు మారడం: ఇవి హెచ్చరికలు. అన్నీ ఒకేసారి కనిపించాలని లేదు. కనిపించినవాటిని చూసి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. గంటల ఆలస్యం కూడా ప్రాణాంతకమే.

2017లో ప్రపంచంలో కోటీ పదిలక్షలమంది సెప్సిస్‌తో మరణించారని అంచనా. వారిలో అత్యధికులు పేదదేశాల ప్రజలే. ఆనాడు లేని మందులు ఈనాడున్నాయి. కాని "నాకేదో బాగాలేదు" అని ఒక కూలితల్లి అన్నప్పుడు ఆ మాటను సాక్ష్యంగా తీసుకునే చెవి కూడా వైద్యంలో భాగమే. వియన్నాలో లేనిది మొదట అదే.