అభావం (తర్కశాస్త్రం)

'''అభావం''' అనగా లేకపోవడం, లేమి. న్యాయ వైశేషిక దర్శనాలు అంగీకరించిన ఏడు పదార్థాలలో ఇది చివరిది. ఇక్కడ పదార్థం అంటే ఒక పదముచే తెలియబడే విషయం. బరువూ పరిమాణమూ గల వస్తువు అని కాదు. అభావానికి రంగు, స్పర్శ, బరువు లేవు. అట్టి దానిని "ఉన్నది" అనవచ్చునా అనే ప్రశ్నపై భారతీయ తార్కికుల మధ్య శతాబ్దాల పాటు వాదం సాగింది.

== చరిత్ర ==

వైశేషిక సంప్రదాయంలో మొదట ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం అనే ఆరు పదార్థాలు మాత్రమే లెక్కించబడినవి. ప్రశస్తపాదుడు ఆ ఆరింటినే వివరించాడు. తరువాత ఉదయనాచార్యుడు లక్షణావళిలో పదార్థాలను భావం, అభావం అని రెండుగా విభజించాడు. శివాదిత్యుని గ్రంథం పేరే సప్తపదార్థి. 17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు తర్కసంగ్రహంలోనూ ఏడు పదార్థాలే చెప్పబడినవి. ఈయన ఆంధ్రుడు. తర్కశాస్త్రం అభ్యసించేవారు నేటికీ సాధారణంగా ఈ గ్రంథంతోనే ప్రారంభిస్తారు.

== స్వరూపం ==

అభావం ఎప్పుడూ ఏదో ఒకదాని అభావమే. అది ఏదో ఒక చోటనే తెలుస్తుంది. "తరగతిలో రాముడు లేడు" అన్నప్పుడు రాముడు ప్రతియోగి, తరగతి అనుయోగి. రాముని ఎరుగనివాడు ఆ తరగతిలోనికి వచ్చినా ఈ లోటు అతనికి తెలియదు. హాజరు పట్టీ చూసి పిలిచే ఉపాధ్యాయునికి వెంటనే తెలుస్తుంది.

నైయాయికుల మతంలో ప్రతియోగి వాస్తవమైనదై ఉండాలి. కనుక "కుందేటి కొమ్ము లేదు" అనే మాటకు "కుందేటికి కొమ్ము లేదు" అని అర్థం చెబుతారు. కుందేలూ ఉన్నది, ఆవుకు కొమ్మూ ఉన్నది. వాటి సంబంధం మాత్రమే లేదు.

== రకాలు ==

* '''ప్రాగభావం''': పుట్టుకకు ముందు లేకపోవడం. కుండ చేయకముందు కుండ లేమి. దీనికి ఆది లేదు, అంతం కలదు.
* '''ప్రధ్వంసాభావం''': నశించిన తరువాత లేకపోవడం. దీనికి ఆది కలదు, అంతం లేదు.
* '''అత్యంతాభావం''': మూడు కాలాలలోను లేకపోవడం. వాయువులో రూపం లేకపోవడం దీనికి ఉదాహరణ.
* '''అన్యోన్యాభావం''': ఒకటి మరొకటి కాకపోవడం. కుండ వస్త్రం కాదు.

== వాదోపవాదాలు ==

ప్రాభాకర మీమాంసకులు అభావాన్ని వేరే పదార్థంగా అంగీకరించరు. కుండ లేని నేల అంటే వట్టి నేలయే అని వారి వాదం. నైయాయికులు దీనికి ఇలా బదులు చెబుతారు: కుండ పెట్టిన తరువాత కూడా నేల అదే. "వట్టి" అన్న మాటకు "కుండ లేని" అన్నదే అర్థమైతే, కాదన్న అభావాన్నే మరల ఒప్పుకున్నట్లవుతుంది.

అభావం ఉన్నదనేవారిలోనూ అది ఎలా తెలుస్తుందనే విషయంలో భేదం కలదు. నైయాయికులకు అది ప్రత్యక్షం. కుమారిల భట్టు అనుయాయులు, అద్వైతులు అనుపలబ్ధి అనే ఆరవ ప్రమాణాన్ని చెబుతారు. కనబడవలసినది కనబడకపోవడమే అనుపలబ్ధి. చీకటి గదిలో కుండ కనబడనంత మాత్రాన లేదని చెప్పరాదు. బౌద్ధుడైన ధర్మకీర్తి దీనిని అనుమానానికి హేతువుగా గ్రహించాడు.

== ప్రాముఖ్యం ==

ఈ చర్చ మాటల పట్టింపు కాదు. వాన కురియక పైరు ఎండినదంటే, ఎండుటకు కారణం ఒక లేమి. నైయాయికులు ప్రతిబంధకం లేకపోవడాన్ని కూడా కారణాలలో చేర్చారు. ఇంతకంటె ముఖ్యమైనది మోక్షం. న్యాయదర్శనంలో మోక్షం ఆనందప్రాప్తి కాదు, దుఃఖం పూర్తిగా తొలగిపోవడం. లేమి వట్టి మాట అయితే, వారి దృష్టిలో పరమ పురుషార్థం కూడా వట్టి మాటే అవుతుంది.

== పాశ్చాత్య తత్త్వశాస్త్రంలో ==

ప్లేటో సోఫిస్ట్ సంభాషణలో లేనిదానిని గూర్చి ఎలా మాట్లాడగలమని చర్చించాడు. బెర్ట్రాండ్ రసెల్ 1918 నాటి ఉపన్యాసాలలో నిషేధాత్మక వాస్తవాలు ఉన్నాయని వాదించాడు. సార్త్రే 1943లో ప్రచురించిన గ్రంథంలో, కాఫీ హోటలులో మిత్రుని కొరకు వెదకినవానికి అతని లేమి ఎట్లు తోచునో వివరించాడు. బిమల్ కృష్ణ మతిలాల్ నవ్యన్యాయంలోని అభావ సిద్ధాంతంపై 1968లో ఆంగ్లంలో గ్రంథం ప్రచురించాడు.

== ఇవి కూడా చూడండి ==

* న్యాయ దర్శనం
* వైశేషిక దర్శనం
* పూర్వమీమాంస
* తర్కసంగ్రహం