తెల్లని పొడిలో దోషవిచారం

అలంకారశాస్త్రం చదివినవారికి దోషప్రకరణం క్రొత్త కాదు. అన్ని దోషాలూ ఎల్లవేళలా దోషాలు కావని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో నిరూపించాడు. శృంగారంలో చెవికి ములుకులా తగిలే పరుషాక్షరమే రౌద్రంలో రసాన్ని పోషిస్తుంది. ఇటువంటి విచారమే రసాయనశాస్త్రంలోనూ జరిగిందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ కథకు నాయకుడు టైటానియం డయాక్సైడు అనే తెల్లని పొడి. మా ప్రగతి నగర్ గోడలకు పూసే తెల్లరంగులో ఉండేది ఇదే. భీమిలి తీరపు ఇసుకలో దొరికే ఇల్మనైటు దీనికి ముడిఖనిజం. 1972లో జపానులో ఫుజిషిమా, హోండా దీనిపై కాంతి ప్రసరింపజేసి నీటిని విడగొట్టవచ్చునని చూపారు. 1979లో ఇనౌయే, ఫుజిషిమా ప్రభృతులు ఇటువంటి పొడులను నీటిలో కలిపి, బొగ్గుపులుసు వాయువును పంపి, వెలుగు సోకించి ఫార్మాల్డిహైడు, మిథనాలు వంటివి రాబట్టారు. ఆకు చేసే పనిని పొడిచేత చేయించడమన్నమాట! రాబడి మాత్రం అత్యల్పం.

మన తార్నాకలోని ప్రయోగశాల నిజాము కాలంలో, 1944లో వెలసింది. 1956లో సీఎస్ఐఆర్ క్రిందికి వచ్చింది. 1989 నుండి దాని పేరు ఐఐసీటీ. ఒకప్పుడు బొగ్గును ఎలా వినియోగించుకోవాలో వెదకిన చోటు అది. అక్కడి మాచిరాజు సుబ్రహ్మణ్యం గారే, కనేకో, అలోన్సో-వాంటేలతో కలిసి, బొగ్గు కాలితే వచ్చే వాయువును కాంతితో మార్చడానికి ఏయే లోహపు ఆక్సైడులు పనికివస్తాయో పరీక్షించి 1999లో పత్రం ప్రచురించారు.

ఇక దోషం సంగతి. ఆ పొడి తెల్లదనమే దానికి అవరోధం. కంటికి కనబడే వెలుగునంతా త్రిప్పికొట్టి, ఎండలో సుమారు 5 శాతమే ఉండే అతినీలలోహిత కిరణాలను మాత్రమే గ్రహిస్తుంది. 2011లో అమెరికాలో చెన్, మావో బృందం దానిని 20 బార్ల హైడ్రోజన్ పీడనంలో, సుమారు 200 డిగ్రీల వేడిలో 5 రోజులుంచింది. స్ఫటికాల పైపొర క్రమం చెదిరి, పొడి నల్లబడి, కనబడే వెలుగును కూడా గ్రహించింది! వారు దానితో చేసినది నీటినుండి హైడ్రోజన్ తీయడమే అయినా, బొగ్గుపులుసు వాయువు పరిశోధకులకూ అది దారి చూపింది.

స్ఫటికంలో ఒక ఆక్సిజన్ పరమాణువు తప్పుకొంటే దాని పీట ఖాళీ అవుతుంది. అది విడిచిపోయిన ఎలక్ట్రానులు అక్కడే మిగులుతాయి. సులభంగా లొంగని బొగ్గుపులుసు అణువు తన ఆక్సిజన్ కొసను ఆ పీటపై ఆనిస్తుంది. ఎలక్ట్రాను అందగానే నిటారుగా ఉన్న ఆ అణువు వంగుతుంది. వంగినదాన్ని విరవడం తేలిక. అయితే ఖాళీలు మితిమీరితే, వెలుగు పుట్టించిన ఎలక్ట్రానులు పని చేయకుండానే అక్కడ చిక్కుకొని నశిస్తాయి. అప్పుడు దోషం దోషమే.

ఇందులో నన్ను మిక్కిలి ఆకర్షించినది మరొక పత్రం. 2010లో నెదర్లాండ్స్, తైవాన్ శాస్త్రజ్ఞులు మామూలు కర్బనానికి బదులు కొంచెం బరువైన కర్బనం-13 గల వాయువును వాడి చూశారు. వచ్చిన కార్బన్ మోనాక్సైడులో కర్బనం-12 గణనీయంగా ఉన్నది. అంటే అది వాయువునుండి కాక, పొడి తయారీలో దానికి అంటుకొని మిగిలిన మురికినుండి వచ్చినది! అందుచేతనే ఈ రంగంలో క్రొత్త ఫలితం ఎవరు ప్రకటించినా, కర్బనం-13తో పరీక్షించారా అని ముందుగా అడుగుతారు.