చదరంగపు గడుల సంఖ్య

పావులూరి మల్లన రచించినదిగాఁ బ్రసిద్ధి కెక్కిన చంపకమాల యొకటి చదరంగపు గడుల లెక్కను దెలుపుచున్నది. మొదటి గడిలో నొకటి యుంచి, గడిగడికి రెట్టింపు చేయుచుఁ బోఁగా, నఱువదినాలుగు గడులలోని మొత్తము 18446744073709551615 అగును. మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును దెనిఁగించినవాఁడు. ఆతఁడు రాజరాజనరేంద్రుని (1022–1061) కాలమువాఁడని పలువురి మతము, తరువాతివాఁడనువారును గలరు. ఆ వివాద మిచ్చట నప్రస్తుతము.

పద్యమున నంకెలు లేవు, భూతసంఖ్యలు గలవు. ఒకట్ల స్థానము మొదలుకొని యెడమకు నడచునట్లు ఇరువది స్థానములకుఁ బదములు కూర్పఁబడినవి. ఛందస్సుకొఱకు నైదింటికి శరమనియు సాయకమనియుఁ బేళ్లు మాఱినవి. పర్యాయపదములు కవికి సౌకర్యము, పాఠకునకుఁ జిక్కు. అబ్ధి, పయోనిధి శబ్దములు గణితమున నాలుగింటికి వాడుక. పురాణములందు సముద్రము లేడు గదా! రంధ్రము దేహద్వారములనుబట్టి తొమ్మిది; కొందఱు దానిని శూన్యార్థమునను బ్రయోగించిరి. కేవలకోశజ్ఞానముతోఁ జదువువాఁడు వేఱొక సంఖ్యను జదువుట సులభము.

ఇట్టిచోట గణితమే ప్రబలప్రమాణము. రెంటిని ఆఱుమాఱులు హెచ్చింపఁగా వచ్చు 64ను తొమ్మిదిచేత భాగించిన నొకటి మిగులును. కావున నఱువదినాలుగు రెట్టింపులశేషము, 16కుంబోలె, ఏడు. ఒకటి తీసివేయఁగా నాఱు. పై సంఖ్యయందలి యంకెల మొత్తము 87. దాని శేషమును ఆఱే. రెండు సముద్రములను ఏడుగాఁ గొన్నచో మొత్తము 93, శేషము మూఁడు. ఆ పాఠము నిలువదు. రంధ్రమును శూన్యముగాఁ గొన్నచో మొత్తము 78. శేషము మరల నాఱే యగును! తొమ్మిదికిని సున్నకును భేద మీ పరీక్షకుఁ దెలియదు. అందులకు 17 శరణ్యము. 256లో నొకటి తగ్గిన 255 పదునేడింటి గుణిజము. కనుక గడుల మొత్తమును అట్టిదే. రంధ్రము శూన్యమైనచో సంఖ్యలోఁ దొంబది లక్షలు తగ్గును. తొంబది లక్షలు పదునేడింట భాగింపఁబడవు. కావున రంధ్రము తొమ్మిదియే.

ఇది తుదిగడిలోని సంఖ్య గాదు. రెట్టించినది బేసి గానేరదు. తుదిగడిది 9223372036854775808 మాత్రమే.

ఈ సంఖ్య యభాజ్యము గాదు. 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనునవి దీని యభాజ్యకారణాంకములు. వీనిలో 641, 6700417 అనువాని గుణనఫలము 4294967297. దీనిని ఫెర్మా యభాజ్యమని యూహించెను. 1732లో ఆయిలరు 641చేత దానిని భేదించెను. ఇంచుమించుగా 1000వ సంవత్సరమున అల్‌బీరూనీయుఁ జదరంగపు మొత్తమును సాధించెను. మన ఛందశ్శాస్త్రమున వృత్తసంఖ్యకుఁ బింగళుఁడు చెప్పిన వర్గక్రమమునఁ జూచినచో నీ పనికి నాఱు వర్గములే చాలును: 2, 4, 16, 256, 65536, 4294967296, దీని వర్గమునుండి యొకటి తీసివేయవలెను.