హెబియస్ కార్పస్: ఒక లాటిన్ మాట చరిత్ర

‘హెబియస్ కార్పస్’ అంటే లాటిన్‌లో ‘శరీరాన్ని హాజరుపరచు’ అని భావం. నిర్బంధించిన మనిషిని తన ముందుకు తెచ్చి, ఏ చట్టం ప్రకారం నిర్బంధించారో చెప్పాలని న్యాయస్థానం జారీచేసే రిట్టు, అంటే లిఖితపూర్వకమైన ఆజ్ఞ ఇది. ఇంగ్లండులో 1679 నాటి చట్టం దీన్ని బలపరచింది. ఓడలో సంకెళ్లతో బంధించి జమైకాకు తరలించబోయిన జేమ్స్ సోమర్‌సెట్ అనే బానిస 1772లో ఈ రిట్టు ద్వారానే విడుదలయ్యాడు.

మన రాజ్యాంగంలోని 32, 226 అధికరణాలు ఈ అధికారాన్ని సుప్రీంకోర్టుకు, హైకోర్టులకు ఇచ్చాయి. అయినా అత్యవసర పరిస్థితి కాలంలో, 1976 ఏప్రిల్ 28న, నిర్బంధితులు దీన్ని కోరలేరని సుప్రీంకోర్టు 4-1 మెజారిటీతో తీర్పు చెప్పింది. విభేదించినవారు జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా ఒక్కరే. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ, అత్యవసర పరిస్థితిలో కూడా ప్రాణ, వ్యక్తిగత స్వేచ్ఛల కోసం కోర్టుకెళ్లే దారి మూయడానికి వీల్లేకుండా చేసింది. 2017లో సుప్రీంకోర్టే తన 1976 తీర్పును తప్పుగా ప్రకటించి తోసిపుచ్చింది.