వేలంలో రైడర్ల ఎంపిక: దేశాయ్, సెహ్రావత్

ప్రో కబడ్డీ లీగ్ 2014లో ఆరంభమైంది. కోరాపుట్, రాయగడ జిల్లాల తెలుగువారికి చేరువలోని విశాఖపట్నమే నాడు తెలుగు టైటాన్స్ జట్టుకు సొంత వేదిక. కూతకు వెళ్లే ఆటగాణ్ణి రైడర్ అంటారు. వేలంలో భారీ ధరలు ఎక్కువగా పలికేది రైడర్లకే.

టైటాన్స్ 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ను రూ.1.45 కోట్లకు, 2023లో పవన్ సెహ్రావత్‌ను రూ.2.605 కోట్లకు కొనుగోలు చేసింది. దేశాయ్ బలం దేహదారుఢ్యం; పట్టుబడినా గీత వరకు ఈడ్చుకురాగలడు. సెహ్రావత్‌ది వేగం, డిఫెండర్ల మీదుగా దూకే నేర్పు. ఆయా సీజన్లలో ఇద్దరూ 200కు పైగా రైడ్ పాయింట్లు సాధించారు. అయినా 12 జట్లలో టైటాన్స్ 2019లో 11వ స్థానంలోను, 2023-24లో చివరి స్థానంలోను నిలిచింది.

ఆట నియమంలోనే ఇందుకు కొంత కారణముంది. ఔటైన రైడర్ సహచరులు పాయింటు తెచ్చేవరకు బయటే కూర్చోవాలి. కనుక రైడర్ పాయింట్లతోపాటు, అతణ్ణి తిరిగి బరిలోకి తేగల రెండవ రైడర్‌ను, డిఫెండర్లను కూడా వేలానికి ముందే బేరీజు వేయాలి.